వాల్యూమ్ గీతలు

కటకోచా,
జులై 21.

చెల్లి లస్తేనియాకు,

మఠంలో నీకు వేరే పేరు పెట్టారని తెలుసు గానీ నా నోటికి ఆ పేరు తిరగదు. ఇక్కడ అందరం క్షేమం, టీవీ రిమోట్ తప్ప. నువ్వూ, నీతో ఉన్న సిస్టర్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరాలు ముందు మీ మఠం పెద్ద మదర్ చదివి తర్వాత నీకిస్తారన్నావు కదా, ఆమెకు నా నమస్కారాలు. ఈసారి మధ్యమధ్య కాస్త తిట్లు దొర్లుతాయి. అవి నిన్ను కాదు, ఆమెను అసలే కాదు, ఆ రిమోట్‌ని.

నీ ఉత్తరం మొన్న మంగళవారం అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. నాన్న బాగానే తింటున్నాడు. అరటికాయ సూపు మీ వదిన మరూహా తాగిస్తే రెండు గిన్నెలు లాగిస్తాడు, నేను తాగిస్తే మూతి ముడుస్తాడు. వీపు మీది పుండు మానింది. ఇక మే నెలలో నాన్న నీకు ఆశీస్సు ఇచ్చినప్పుడు తెర మీద ఎన్ని గీతలు పెరిగాయి, ఆయన ఎటు చూస్తున్నాడు అని అడిగావు. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు ఈ రిమోట్ గోల విను.

కొత్త టీవీ కొనకూడదా అని కూడా అడిగావు. పక్కింటి ఒబ్దూలియా అత్త తన పల్చటి టీవీ తెచ్చి నాన్న ఎదురుగా పెట్టింది. నాన్న రెండు రోజులు కళ్ళు తెరిస్తే ఒట్టు. ముప్పై ఏళ్ళు ఊరందరి టీవీలూ బాగుచేసిన మనిషాయె. తన చేత్తో కూర్చుకున్న ఆ డబ్బా టీవీ తప్ప మిగతావేవీ ఆయన లెక్కలో టీవీలే కావు. పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. నోరు పోయింది, కుడిచెయ్యి మోచేతి కింద నుంచి మాత్రం కదులుతుంది. కళ్ళు ఆర్పమనీ, బొటనవేలు ఎత్తమనీ డాక్టరు ఎన్ని నేర్పినా రోగిష్టివాడి సైగలు నేను చెయ్యనన్నట్టు మొహం తిప్పుకున్నాడు. చివరికి తన దారి తనే కనిపెట్టాడు. ఔనంటే వాల్యూమ్ పెంచుతాడు, కాదంటే తగ్గిస్తాడు. సూపు కావాలా అంటే తెర మీద ఆకుపచ్చ గీతలు పెరుగుతాయి. ఫాదర్‌ని పిలవనా అంటే తగ్గుతాయి. నీకిదంతా తెలిసిందే, మీ మదర్‌కి తెలియకపోవచ్చని రాశాను. ఆ రిమోట్ పోవడమంటే మా ఇంట్లో నాన్న నోరు రెండోసారి పడిపోవడం.

పాతదానిలో బ్యాటరీ కారి లోపలంతా పచ్చగా చిలుం పట్టింది. మరూహా స్పిరిట్‌తో తుడిచింది. పనిచేసే రిమోట్‌ని ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కితే దాని కొసన ఊదారంగు వెలుగు మినుకుమంటుంది. మన కంటికి కనపడదు, కెమెరాకి కనపడుతుంది. నాన్న పనిలో నేను నేర్చుకున్నది ఆ ఒక్కటే. ఎంత నొక్కినా ఊదా లేదు, బూడిదా లేదు. లోహా పట్నంలో ఎవరో బాగుచేస్తారంటే పంపాను. రెండు నెలలు ఉంచుకుని, కాదన్న ముక్క కూడా చెప్పకుండా అలాగే తిప్పి పంపారు.

పదో తేదీ సంతలో, అన్ని టీవీలకూ పనికొస్తుందని ఒకడు ప్రమాణం చేసి మరీ అమ్మిన రిమోట్ కొన్నాను. దానితో ఒక కాగితం ఇచ్చాడు. చీమలు పాకినట్టు టీవీ కంపెనీల పేర్లు, వాటి పక్కన మూడేసి అంకెల కోడ్‌లు. ఎర్ర దీపం వెలిగేదాకా ఒక మీట నొక్కి పట్టుకోవాలి, అంకెలు కొట్టాలి, దీపం ఆరాక టీవీ వైపు తిప్పి చూడాలి. మన టీవీ మీద నిప్పోలార్ అని రాసి ఉంటుంది కదా, ఆ పేరుకి పద్నాలుగు కోడ్‌లున్నాయి. మొదటి మూడూ దండగ. నాలుగోది టీవీని ఆర్పింది, మళ్ళీ వెలిగించమంటే నావల్ల కాదంది. తీగ పీకి పెట్టాల్సి వచ్చింది. తొమ్మిదోదానికి చానళ్ళు మారాయి. వాల్యూమ్ నొక్కితే మాత్రం తెర మధ్యలో గడియారం వచ్చి కూర్చుంది. టైమెంతని నేనడిగానా?

దానంతట అదే కోడ్ వెతుక్కునే పద్ధతి ఒకటుందని కాగితం వెనక రాశారు. మీట ఒక్కోసారి నొక్కుతూ పోవాలి, టీవీ ఆరగానే చెయ్యి ఆపేయాలి. నా చెయ్యి ఆగితేగా! ఆరింది, నేను ఇంకో రెండుసార్లు నొక్కేశాను, కోడ్ దాటిపోయింది. మళ్ళీ మొదటికి. రెండోసారీ అంతే. మూడోసారి సగంలో దాని బ్యాటరీలే అయిపోయాయి. ఒళ్ళు మండి గోడకేసి కొట్టాను. మరూహా తాపీగా తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, గోడకి కోడ్ కుదిరిందా అని అడిగింది. పెళ్ళయి పదహారేళ్ళయింది, ఈవిడ నోటికి మాత్రం ఏ కోడూ దొరకలేదు నాకు.

నాన్న ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు నేను తీగ తప్పు అతికిస్తే ఒక కనుబొమ ఎత్తి చూసేవాడే, అదే చూపు. పది రోజులు ఆ చూపు నా వీపు మీద మోశాను.

నిన్న ఒబ్దూలియా అత్త తన టీవీ తీసుకుపోదామని వచ్చింది. నేను కాగితం ముందేసుకుని తల పట్టుకుని ఉన్నాను. చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“పైనున్న పేరు చూసి కోడ్ కొడుతున్నావట్రా రిగోబెర్తో? మీ నాన్న ఏ టీవీనైనా దాని సొంత కడుపుతో ఉండనిచ్చాడా? ఈ పెట్టె నిప్పోలార్‌దే. లోపలి బోర్డు నా పాత కాంతెల్ టీవీది. పిడుగు పడి నా తెర పగిలిన ఏడు నేనే ఇచ్చాను.”

ఊళ్ళో సగం టీవీలు ఒకదాని పెట్టెలో ఇంకోదాని బోర్డు పెట్టినవేనని నాకు తెలియదా? ఈ ఇంట్లో పుట్టి, ఆ టంకం వాసనలో పెరిగి, బయటివాడిలా పైపేరు చూసి మోసపోయాను. నాన్న వైపు చూస్తే కళ్ళు మూసుకున్నాడు గానీ భుజం అదురుతోంది. నవ్వుతున్నాడు. అసలు సంగతి తెలిసింది ఆయనొక్కడికే. చెప్పడానికి కావలసిన నోరేమో నేను వెతుకుతున్న ఆ కోడే!

కాంతెల్‌కి కాగితంలో రెండే కోడ్‌లు. రెండోది కొట్టి రిమోట్ నాన్న చేతిలో పెట్టాను. ఆకుపచ్చ గీతలు వచ్చాయి. నాన్న పెంచుకుంటూ పోయాడు. ఎవరూ ఏమీ అడగకుండానే ఔను, ఔను, ఔను. ఎదురింటి కుక్క మొరిగింది, అత్త చెవులు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

లస్తేనియా, ఇక దాచి లాభం లేదు. రిమోట్ పోయింది జూన్‌లో అని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. ఈస్టర్ వారంలోనే పోయింది. ఆగస్టు పదిహేనున సిస్టర్‌గా శాశ్వత ప్రతిజ్ఞ తీసుకుంటున్నానని, నాన్న ఆశీస్సు అడిగి రాయమని నువ్వు మే నెలలో రాసేసరికి ఈ ఇంట్లో గీతలూ లేవు, ఏమీ లేవు. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించనైనా లేదు. తొమ్మిదేళ్ళ కిందట నువ్వు మఠానికి బయల్దేరినప్పుడు, పోతే పో గానీ నా ఆశీస్సు మాత్రం అడగకు అని వాకిట్లో నిలబడి ఆయన అన్న మాట నా చెవుల్లో ఉంది. కాదంటాడేమోనని నాకు భయం. అందుకే గీతలు పెరిగాయని రాసేశాను. నువ్వు సంతోషపడతావు, అక్కడితో అయిపోతుందనుకున్నాను. నువ్వేమో ఎన్ని గీతలని అడిగావు. నీ ముందు సిగ్గుగా ఉంది, మీ మదర్ ముందు ఇంకా సిగ్గుగా ఉంది.

ఈ ఉదయం కాఫీ అయ్యాక నీ మే నెల ఉత్తరం తీసి నాన్నకు మొత్తం చదివాను. నేను చేసిన పని కూడా చెప్పేశాను. తర్వాత అడిగాను.

“నాన్నా, లస్తేనియా ఆశీస్సు అడుగుతోంది. ఇస్తావా?”

ఆయన తెర వైపే చూశాడు. గీతలు తగ్గడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటే, తొందరేమీ లేకుండా. సున్నా దాకా తగ్గించాడు. ఈ కోడ్‌ల గోలలో తప్ప, నాలుగేళ్ళుగా పగటిపూట ఆ గదిలో టీవీ చప్పుడు ఆగడం నేనెరగను. రిమోట్ ఆయన చేతిలోంచి జారి కింద పడింది. తీద్దామని వంగాను. అప్పుడు ఆయన బొటనవేలు నా నుదుటికి తగిలింది. వణుకుతూ నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసింది. చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు మనిద్దరికీ గుమ్మంలో పెట్టేవాడే, ఆ శిలువ.

నాకు కాదు నాన్నా, చెల్లికి అన్నాను. కనుబొమ ఎత్తాడు, అంత మాత్రం తెలియదా అన్నట్టు. అదే చోట ఇంకోసారి గీశాడు. ఆశీస్సు ఇచ్చేముందు రేడియో కట్టేయించడం ఆయనకు ఎప్పుడూ అలవాటే. అది నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఎన్ని గీతలని అడిగావు కదా. నాలుగు. రెండు నిలువు, రెండు అడ్డం. ఏ శిలువ నాదో, ఏది నీదో నాకు తెలియదు. వచ్చే ఆదివారం బస్సులో క్వెన్కాకి, మీ మఠానికి వస్తున్నాను. మాట్లాడే గదిలో కటకటాల దాకా రా. నా నుదురు ఇటు నుంచి ఆనిస్తాను, నువ్వు అటు నుంచి ఆనించు. అందుకు మీ మదర్ అనుమతి ఇవ్వాలని ఈ ఉత్తరం ద్వారానే ఆమెను బతిమాలుకుంటున్నాను.

ఇట్లు,
ఈసారి అబద్ధం రాయని
మీ అన్నయ్య
రిగోబెర్తో