వీపు వెనక రెండు వేళ్లు

సంయుక్తా,

మోకాలి దెబ్బతో నువ్వు టెన్నిస్ మానేశావని పేపర్లో చదివి నమ్మాను. మొన్న జగ్గయ్యపేటలో మీ ఇంటికొచ్చాక ఆ నమ్మకం పోయింది.

టిఫిన్ దగ్గర మీ పెద్దమ్మ "ఇంక ఆడవంటగా అమ్మాయ్?" అనగానే, వీపు వెనక రెండు వేళ్లు చూపించావు. డబుల్స్‌లో ఇన్నేళ్లూ నా ముందు నెట్ దగ్గర నిలబడి నాకు చూపించిన సైగే అది: నేను అటు దూకుతున్నా, నా చోటు నువ్వు చూసుకో. నేను కదిలేలోపే మీ వదిన చూసి, నీ ప్లేట్లో రెండు గారెలు వేసింది. రెండూ తిన్నావు.

ఆదివారం నందిగామ రా. మోకాలు పరిగెత్తనివ్వకపోతే కుర్చీలో కూర్చుని నా దగ్గర నేర్చుకునే పిల్లల మీద కేకలెయ్యి, అది నీకు బాగా వచ్చు. సర్వీసు చేసేముందు ఇప్పటికీ నీ వీపు కోసం చూస్తున్నా. నీ చోటు ఎన్నాళ్లని చూసుకోను?

ఇట్లు,
నీ వెనక నిలబడేది