ముఖ్య అతిథికి వేరే గది

కిచెనర్, కెనడా,
10 నవంబరు 2025

ప్రభువు కృపలో నా చిట్టితల్లి హోప్‌కు,

అమ్మ ముద్దులు. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని అనుకుంటున్నాను, అనుకోకపోతే నాకు ముద్ద దిగదు. ఫోన్ చేస్తే ఐయామ్ ఫైన్ మమ్మీ అని రెండో మాటకే పెట్టేస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం. తెలుగు బైబిల్ ముందు పెట్టుకుని నీకు అక్షరాలు దిద్దించింది ఇప్పటికి పనికొచ్చింది.

మాంట్రియల్‌లో ఆ రాకెట్ల చదువు మానేసి వచ్చేస్తానన్నావు. డాక్టర్ వర్నెల్ గ్రీర్ గారిని అడుగు, ఆవిడ ఎలా చెబితే అలా చేస్తానన్నావు. నిన్న అడిగాను.

అంతరిక్షానికి వెళ్ళిన తొలి నల్లజాతి ఆడవాళ్ళలో ఒకరు అమెరికా నుంచి వచ్చి, మన వీధి చివర చెల్లెలింట్లో ఉంటూ ఆకులు ఊడ్చుకుంటున్నారంటే నాకింకా నమ్మబుద్ధి కాదు. నిన్న మన చర్చి వార్షికోత్సవానికి ఆవిడే ముఖ్య అతిథి. అలబామాలో వాళ్ళమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళలో వంట చేసేదట. ఈవిడ డాక్టరై, ఆ తర్వాత వ్యోమగామి అయ్యారు. శిక్షణ రోజుల్లో క్యాంటీన్‌లో తాను ప్లేటు పెట్టుకున్న బల్ల దగ్గర మిగతా కుర్చీలు ఖాళీగానే ఉండేవట. ఎవరూ ఒక్క మాట అనలేదు, అందరూ మర్యాదస్తులే అన్నారు. పైకి వెళ్ళాక మాత్రం కూర్చునే పనే లేదు కదా, అందరూ గాలిలో తేలుతూ తిండి పొట్లాలు ఒకరికొకరు విసురుకునేవారట. అది చెప్పినప్పుడు ఒక్కసారి నవ్వారు.

షాలేమ్ రాజు పాస్టర్ గారు శాలువా కప్పారు. మన పద్ధతి నీకు తెలుసుగా, ముఖ్య అతిథిని అందరితో పాటు బంతిలో కూర్చోబెట్టం. పక్క గదిలో కొత్త గుడ్డ పరిచి, కారం తగ్గించిన చికెన్, ఫోర్కు, నీళ్ళ బాటిల్ అన్నీ నేనే సర్దాను. పిల్లలు సెల్ఫీలంటూ విసిగిస్తారని తలుపు కూడా వేశాను.

స్వీటు పట్టుకెళితే, ఆవిడ ఇంకా ప్లేటు ముట్టుకోలేదు. కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కారమేమో అని అడిగాను. గది చాలా బాగుందని, అయితే బయట నవ్వులు వినిపిస్తున్నాయని మెల్లగా అన్నారు. వాళ్ళమ్మ ఆ ఇళ్ళలో వండిందంతా లోపలికి పంపి, వెనక వరండాలో, మూసిన తలుపు ఇవతల కూర్చుని తినేదట.

సిగ్గుతో చచ్చిపోయాను హోప్. మా నాయనమ్మకి పెద్దిళ్ళ వాళ్ళు పెరటి గుమ్మం బయటే ఆకు వేసేవారు. ఆవిడ మనవరాలిని అయ్యుండి ఆ తలుపు నేనే వేశాను.

ఆ ప్లేటు తీసుకుని ఆవిడను హాల్లోకి తీసుకొచ్చి, సుగుణ ఆంటీ పక్కన ఇరికించి, నేనూ కూర్చున్నాను. ముక్కు కారుతున్నా గోంగూర మళ్ళీ వేయించుకున్నారు. నేనూ చాలా రోజులకి కడుపు నిండా తిన్నాను.

అప్పుడే నీ సంగతి అడిగాను. ధైర్యంగా ఉండమను, మధ్యలో వదిలేసి రావద్దను అన్నారు. కాబట్టి ఉండిపో తల్లీ. ఆవిడ అంతటి మనిషే ఉండగలిగారు కదా.

చలికోటు వేసుకోకుండా బయటికి వెళ్ళకు.

నీకోసం రోజూ మోకరించే
మీ అమ్మ,
రూపవతి

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. ఆవిడ ఆ మాట అనలేదు. నాకు కావలసిన మాట ఆవిడ పేరు మీద రాశాను. నేను చెప్పిందంతా విని, మీ అమ్మాయి అక్కడ ఎవరితో కూర్చుని తింటుంది అని ఒక్కటే అడిగారు. తాను ఉండిపోయినందుకు లోకమంతా ధైర్యమని మెచ్చుకుంది గానీ ఎవరూ వచ్చి పక్కన కూర్చోలేదని, తనను చూపించి ఏ పిల్లనీ ఉండమని చెప్పొద్దని అన్నారు. ఉంటావో, వచ్చేస్తావో నీ ఇష్టం, నేనేమీ అనను. నిజం చెప్పు తల్లీ, అక్కడ నువ్వు ఎవరితో తింటున్నావు?