ముహూర్తానికి తెరిచిన సర్వర్లు

శుక్రవారం రాత్రి, రాజమండ్రి

తలుచుకుంటేనే కంపరంగా ఉంది.

ఆసుపత్రి రెండు శాఖల సర్వర్లు క్లౌడ్‌లో వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నాయి. బయటి ఇంటర్నెట్‌కి కనబడకుండా వాటిని లోలోపలే కలపాలి. కానీ రెండింటికీ ఒకే నెట్‌వర్క్ అడ్రసులు పెట్టేశారు. అవి మార్చితే గాని కలవవు. "సాయంత్రానికి చేసేస్తానండి" అన్నాను. మా టీమ్ లీడర్ వినలేదు.

"ముహూర్తం దాటిపోతోందమ్మా, డాక్టరుగారు కొబ్బరికాయ పట్టుకుని కూర్చున్నారు" అంటూ రెండు సర్వర్లనీ ఇంటర్నెట్‌కి బార్లా తెరిచేశాడు. రోగుల రిపోర్టులు అటూ ఇటూ వెళ్ళాయి, ఇక బయటివాళ్ళెవరైనా వాటిని చూడొచ్చు. చప్పట్లు కొట్టి అన్నవరం ప్రసాదం పంచారు. నాకు మింగుడు పడలేదు.

మధ్యాహ్నం మళ్ళీ అడిగాను. "ఇప్పుడైనా మూసేద్దామా సార్?"

"తెరిచిన రోజే మూస్తే అపశకునం కాదేంటి? సోమవారం చూద్దాంలే. నువ్వొక్కదానివే చదువుకున్నావా ఏంటి?"

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. అమ్మ గర్భసంచి స్కానింగు రిపోర్టు కూడా ఆ సర్వర్లోనే ఉంది. స్కానింగు రోజు ఆసుపత్రి కాగితం మీద వేలిముద్ర వేస్తూ "ఇవన్నీ ఎవరికీ చూపించరు కదే?" అని నన్నే అడిగింది. చూపించరని చెప్పాను.

మూసే అధికారం నాకూ ఉంది. మూస్తే సోమవారానికి ఉద్యోగం ఉంటుందో లేదో...

మూయడానికే లాప్‌టాప్ తెరిచాను.