మళ్ళీ బిగించిన గడియ

చిన్నోడా,

వీధి చివరికి పాలకని వెళ్ళినవాడివి అరగంటైనా రాలేదు. ఫోను మంచం మీదే వదిలేసి పోయావు. టైలరింగ్ షాపు నుంచి ఓనరమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది, ఇక బయల్దేరక తప్పదు. రాగానే నాకు ఫోన్ చెయ్యి. పాలు కాచు. తిన్నాకే మాత్ర వేసుకో.

నువ్వటు వెళ్ళగానే నీ గది తలుపుకి లోపలి గడియ మళ్ళీ బిగించాను. కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో తిప్పాను కాబట్టి పై స్క్రూ కాస్త వదులుగా ఉంది, తిట్టుకోకు.

నీ డిప్రెషన్ గురించి నువ్వు రాస్తున్న పుస్తకం ముట్టుకోనన్నాను. బల్ల తుడుస్తుంటే ఒక పేజీ కంటపడింది. "తుప్పు పట్టిందని అక్క గడియ పీకేసింది. అది ధగధగా మెరుస్తోంది. నమ్మినట్టు తలూపాను" అని రాశావు. రెండేళ్ళుగా నువ్వు నమ్మావనే అనుకున్నాను రా. నీ తలుపు బయట కూర్చుని కాజాలు కుట్టింది వెలుతురు కోసం కాదనీ తెలుసన్నమాట.

అక్క

ఇంకోమాట. గడియ వేసుకునే రాసుకో. నేను తలుపు తడితే మాత్రం మొదటిసారికే పలుకు. రెండోసారి తట్టే ధైర్యం నాకు లేదు.