కళ్లలో తిరిగే చక్రాలు

ఇటాగ్వా,
ఆదివారం మధ్యాహ్నం

నా చిట్టి లిబ్రాడాకు,

నీ చంటోణ్ణి, డెర్లిస్‌ని, నా దగ్గరికి పంపకు. వాడికి ఇంకా ఏడో నెల అనీ, బ్యూనస్ ఐర్స్‌లో పరాయి ఇళ్లలో పనిచేస్తూ నువ్వు వాణ్ణి చూసుకోలేవనీ తెలిసే రాస్తున్నాను. అక్క మనసు రాయి అనుకోకు. దాచి దాచి అలిసిపోయానమ్మా.

మీ అందరికీ చెప్పినట్టు నాది పార్శ్వపు తలనొప్పి కాదు. మన లేసు అల్లే ఆడవాళ్లకి తలనొప్పి మామూలేగా, కణతలకు బంగాళాదుంప ముక్కలు అంటించుకుని అల్లుతూనే ఉంటాం. నాకు మాత్రం కళ్ల ముందు ఎడమ పక్కన ఎర్రవీ పచ్చవీ చక్రాలు తిరిగేవి. రోజంతా లేసులో అల్లేది చక్రాలే కదా, అవే కళ్లలో ఉండిపోయాయనుకున్నాను. పక్కింటి సింఫోరియానా అత్తకి చెబితే, "నాకైతే మా ఆయన మొహం కూడా గుండ్రంగానే కనబడుద్ది, పోవే" అంది. నవ్వేశాను. కానీ చక్రాల తర్వాత కాసేపు ఒళ్లు తెలియదు. లేచేసరికి నాలుక తెగి ఉంటుంది, తల పగిలిపోతుంటుంది. జనానికి ఆ తలనొప్పి ఒక్కటే చెప్పేదాన్ని.

మొన్న అసున్సియోన్‌లో డాక్టరమ్మ అడిగింది, "ఎంతసేపుంటాయమ్మా ఆ చక్రాలు?" అని. "సూదిలోకి దారం ఎక్కించేంత సేపండీ" అన్నాను. పార్శ్వపు తలనొప్పిలో కనబడే మెరుపులైతే మెల్లగా పాకుతూ చాలాసేపు ఉంటాయట. నాది మూర్ఛ, తలనొప్పి దాని వెనకాల వచ్చేది. మూర్ఛా, పార్శ్వపు తలనొప్పీ దగ్గరి చుట్టాలు, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం మామూలే అంది. మాత్రలు మొదలుపెట్టాను. కానీ మాత్రలకు ముందు, పోయిన నెల, పొయ్యి పక్కనే పడ్డాను. అప్పుడు వాడు నా చంకలో ఉండి ఉంటే? నాకు భయమే.

నీ అక్క,
ఎలిహియా


బ్యూనస్ ఐర్స్,
మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు.

పని వల్ల వాణ్ణి పంపుతున్నానని నీకు అబద్ధం చెప్పాను. వాడికి స్నానం చేయిస్తుంటే నాకూ ఆ రంగులు వచ్చాయి. తెలివి వచ్చేసరికి యజమానురాలు తడిసిన పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. "ఏమైందే నీకు?" అంటే, "తలనొప్పండీ" అన్నాను. ఎన్నేళ్లుగానో అదే మాట. మన ఇంట్లో గట్టి మనిషివి నువ్వొక్కదానివే అని, వాణ్ణి నీ చేతుల్లో పెట్టాలనుకున్నాను.

ఇక్కడ పని మానేశాను. శనివారం బస్సుకి వాడితోపాటు నేనూ వస్తున్నాను. నన్నూ ఆ డాక్టరమ్మకి చూపించు. వాణ్ణి ఇద్దరం కలిసే పెంచుదాం. ఇద్దరం ఒకేసారి పడిపోములే అక్కా.

నీ చెల్లెలు,
లిబ్రాడా