గ్రెవ్ ఒడ్డున నేను

అమ్మా, నేను క్షేమం, పాప తెల్ల గౌను నా దగ్గరే భద్రంగా ఉంది.

రెన్ స్టేషన్ నుంచి ఒక్క రైలూ కదలడం లేదు. మళ్లీ గ్రెవ్, సమ్మె! ఆదివారం జ్ఞానస్నానానికి చేరుకోలేనేమోనని తమ్ముడు మాలోకు ఫోన్ చేస్తే నీ కొడుకు ఏమన్నాడో తెలుసా? "పోయిన నెల వాళ్ల జెండా మోసింది నువ్వే కదక్కా, ఇప్పుడు అనుభవించు! పాపకు జ్ఞానతల్లిగా పక్కింటి ఇవెట్‌ను నిలబెడతాం" అని పెట్టేశాడు. మోసిన మాట నిజమే. అందుకే ఎవరినీ తిట్టడానికి నోరు రావడం లేదు, ఒళ్లు మాత్రం మండిపోతోంది.

బయట సమ్మెవాళ్లు సాసేజీలు కాలుస్తున్నారు. టికెట్లిచ్చే ఒడీల్ నాకూ ఒకటి రొట్టెలో పెట్టి ఇచ్చింది. తింటూనే ఉక్రోషం కొద్దీ పాఠం మొదలుపెట్టాను. గ్రెవ్ అంటే మొదట ఏటి ఒడ్డు ఇసుక మేట అని, పారిస్‌లో అలాంటి ఒడ్డున పనిలేనివాళ్లు ఎవరైనా పిలుస్తారేమోనని నిలబడేవారని, పని మానేసి నిలబడటానికి ఆ పేరు తర్వాతెప్పుడో వచ్చిందని.

"అయితే పంతులమ్మగారూ, మీరూ ఒడ్డునే ఉన్నారన్నమాట! శనివారం మా మరిది చేపలు దింపి ఖాళీ వ్యాన్‌తో మీ ఊరు కెంపేర్‌కే వెళ్తాడు. ఎక్కుతారా?" అంది.

ఎక్కక చస్తానా! వేడినీళ్లు, సబ్బు సిద్ధంగా ఉంచు. గౌను రెండు సంచుల్లో చుట్టాను గానీ వాసన పట్టదన్న నమ్మకం లేదు. ఆ పాత లేసు ఉతికితే చిరుగుతుందా? ఇవెట్‌కు అప్పుడే చెప్పేశారా? చెప్పి ఉంటే వద్దని నువ్వే చెప్పు.

పాప ఎనోరాకు ముద్దులు. మాలోకు మాత్రం ఆదివారం, పాపను నా చేతుల్లో పెట్టాకే.

సోలెన్