డయలు మీది వంకర గీత

హిందూపురం,
జూన్ 3

ఆశీర్వాదం మామకు నమస్కారాలు.

నేను నాగేంద్ర కూతురు సుమను. ఫోన్లో మీకు వినపడదని నాయన చెబితే ఉత్తరం రాస్తున్నాను. మీరు మెకానిక్‌గా పనిచేసిన ఆ పాత ట్రైనింగ్ విమానాన్ని తయారు చేస్తున్నాను. బయటంతా అయిపోయింది, పైలట్ ముందరి డయళ్ళ దగ్గర ఆగిపోయాను. నెట్‌లో ఫోటోలకు ఒకదానికొకటి పొంతన లేదు. మ్యూజియంలో ఉన్నవాటికి కొత్త రంగులు కొట్టేశారు. తప్పు డయళ్ళు పెడితే నా మూడేళ్ళ కష్టం మట్టిపాలే!

మీ సుమ

తా.క.: నెలాఖరుకు ఎట్లైనా ఎగిరించాలని పంతం.

పెనుకొండ,
జూన్ 9

చిరంజీవి సుమకు మామ దీవెనలు.

ఏం ధైర్యం అమ్మీ నీది! మీ నాయనకు స్కూటరంటేనే భయం, నువ్వు ఏకంగా విమానమే చేస్తాండావా? యాడ పెట్టినావు, మేడ మీదనా? రెక్కలు పక్కింటోళ్ళ మీదికి పోతే కొట్లాటైతాది, చూసుకో. నేను డయళ్ళు బిగిస్తాంటే తీసిన ఫోటో ఒక్కటే ఉండాది, పంపిస్తాండా. ఆదివారం చర్చిలో నీకోసం ప్రార్థన చేయించినా. అందరూ ఏడ్చినారు.

మీ మామ

తా.క.: ధర్మవరంలో మా వియ్యంకుడు జోసెఫ్ సీటు అడుగుతాండాడు. మనిషి లావు. ముందే చెప్తాండా.

హిందూపురం,
జూన్ 13

మామా, నమస్కారం.

అయ్యో, నిజం విమానం కాదు! కంప్యూటర్‌లో ఆట. కుర్చీలో కూర్చుని తెర మీద నడుపుతారు, నేల నుంచి అంగుళం కూడా లేవరు. దయచేసి చర్చిలో చెప్పండి.

ఫోటో మాత్రం బంగారం. మిగతా డయళ్ళ కింది సగానికి మీ చెయ్యి అడ్డమొచ్చింది కానీ వేగం చూపే డయలు మొత్తం కనిపిస్తోంది. దాని అద్దం మీంచి చట్రం మీదికి తెల్లగా ఒక వంకర గీత ఉంది. పాతబడి గీసుకుపోయినట్టుంది. నా బొమ్మలో చెరిపేశాను.

సుమ

తా.క.: ప్రార్థన సంగతి విని మా అవ్వ నాకు దిష్టి తీసింది.

పెనుకొండ,
జూన్ 17

అమ్మీ,

చెరిపేసినావా! అది గీసుకుపోయింది కాదు, మేం పెట్టే గుర్తు. వేగం ఇంతకు మించకూడదని అద్దం మీద ఎర్రగీత ఉంటాది. అద్దం రవ్వంత తిరిగినా ఆ గీత జరిగిపోయి పైలట్ ప్రాణం మీదికొస్తాది. అందుకే అద్దాన్నీ చట్రాన్నీ కలిపి తెల్లగీత పెడతాం. అది రెండు ముక్కలైందంటే అద్దం కదిలినట్టే. ఆటైతే ఏమి, ఎర్రగీతలున్న డయళ్ళన్నిటికీ పెట్టల్ల. లేకుంటే యాడా నా పేరు చెప్పొద్దు.

ఆశీర్వాదం

తా.క.: ఇరవై ఏడేండ్లు విమానాలు బాగుచేసినా. గాలిలోకి ఒక్కసారీ ఎక్కలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే మేఘాలు కూడా కనపడతాయా?

హిందూపురం,
జూన్ 21

మామా, తప్పయింది.

ఎర్రగీతలున్న ఐదు డయళ్ళకూ గుర్తు పెట్టాను, అచ్చం మీ ఫోటోలో లాగే, ఆ వంకరతో సహా. ఆదివారం చర్చి అయ్యాక రండి. మొదటి పైలట్ మీరే. మీరు సరే అంటేనే అందరికీ విడుదల చేస్తాను.

మీ సుమ

తా.క.: జోసెఫ్ గారి కోసం గట్టి కుర్చీ తెప్పించాను.

పెనుకొండ,
జూన్ 30

సుమమ్మా,

పెనుకొండ కోట మీద మూడు చుట్లు తిప్పించినావు. నువ్వడిగిన 'సరే' చెప్పకుండానే వచ్చేసినానని బాధపడొద్దు. ఏడుపొచ్చింది, అంతే. పైగా ఐదింటికీ ఆ వంకర చూసినాక నీ ముందర కూర్చోలేకపోయినా.

ఇంక దాచబుద్ధి కాలేదమ్మా. నాలుగింటికి నేను తిన్నగానే పెట్టినా. వేగం డయలు కాడ స్క్రూడ్రైవర్ జారి గీసుకుపోయింది. అంతలో ఆఫీసరు వచ్చె. భయపడి దాని మీదనే తెల్లరంగు పూసి 'గుర్తు సార్' అన్నా. నువ్వు మొదట చెప్పిందే నిజం. ఇన్నేండ్లూ మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ నాలుగూ తిన్నగా దిద్ది విడుదల చెయ్యి.

నీ మామ

తా.క.: ఐదోది మాత్రం వంకరగానే ఉండనీ. అది లేకుంటే నా విమానమని నేనెట్ల గుర్తుపట్టేది?